నాన్న విన్న అమెరికా డిబేట్

నాన్నకి కంట్లో శుక్లం ఆపరేషన్ చేయించి, ఆయన్నీ అమ్మనీ నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉంచుకున్న రోజులవి. నేను ఇక్కడి డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ఇద్దరి డిబేట్ మనకి పొద్దున పూట వస్తుంది. ఆ రోజు మొదటి పీరియడ్‌లోనే దాని మీద పిల్లల చేత మాట్లాడించాలని, కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. నాన్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"డాక్టరు టీవీ చూడొద్దన్నాడు నాన్నా."

"చూడొద్దన్నాడు. వినొద్దన్లేదుగా. ఏంది, ఏమంటన్నారు వాళ్ళు?"

కుర్చీ గోడ వైపు తిప్పుకుని చెవి ఇటు పెట్టాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు. నేను ముక్కముక్కగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళు అప్పటికి పరాయి దేశాల సంగతిలోకి వచ్చారు. మొదటాయన గొంతు పెద్దది. ఇన్నాళ్ళూ మిగతా దేశాలన్నీ మనల్ని వాడుకున్నాయి, నేనొస్తే ఒక్కొక్కరికీ బుద్ధి చెబుతానంటున్నాడు. రెండో ఆయన నింపాదిగా, స్నేహంగా ఉన్న దేశాలను కలుపుకుని పోవాలంటున్నాడు. ఇప్పుడు జరుగుతున్న యుద్ధం ఆపుతారా అని సూటిగా అడిగితే మాత్రం చుట్టూ తిరుగుతున్నాడు.

"మొదటాయన బాగున్నాడమ్మాయ్," అన్నాడు నాన్న.

నాకు నచ్చలేదు. "ఏం బాగు? అరుస్తన్నాడనా?"

"లోపలొకటి బయటొకటి లేదు. రెండో ఆయన చూడు, ఔనా కాదా అంటే చెప్పకుండా ఊరంతా తిరిగొస్తన్నాడు."

"సైన్యం మొత్తం ఆయన చేతిలో ఉంటది నాన్నా. కోపమొస్తే ఏం చేస్తాడో?"

"కోపం ఎవరికి రాదు?"

టీవీ శబ్దం తగ్గించాను. "మరి నీకు రాలేదా? ఆ రోజు ట్రాక్టర్లు ఎందుకు ఆపావు?"

నాన్న నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

కారంపూడి దగ్గర మా ఊరికి నాన్న ఒకప్పుడు సర్పంచ్. ఊళ్ళో ఆ మాట ఎవరూ వాడరు, ప్రెసిడెంటు గారనే అంటారు. నేను ఇంటర్ చదివే ఏడు, మిరప తోటలు కాపు మీద ఉండగా కాలవలో నీళ్ళు మాకు రావడం ఆగిపోయింది. మాకు పైనున్న ఊరివాళ్ళు ఇసుక బస్తాలు అడ్డమేసి, నీళ్ళన్నీ వాళ్ళ పొలాలకే తిప్పుకున్నారు. ఆ ఊరి ప్రెసిడెంటుది ఎదుటి పార్టీ. ఆయనకీ నాన్నకీ మాటల్లేవు. ఒకరోజు పొద్దున్నే మా వీధిలో ట్రాక్టర్లు వరసగా నిలబడ్డాయి. వెనక తగిలించిన ట్రక్కుల నిండా మనుషులు, చేతుల్లో కర్రలు, గడ్డపలుగులు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాన్న ముందున్న ట్రాక్టర్ ఎక్కి తాళంచెవి పీకి జేబులో వేసుకున్నాడు.

"నేనొచ్చిందాకా ఎవరూ కదలమాకండి," అన్నాడు. వెనక నుంచి ఎవరో పిరికోడన్నారు. నాన్న వినిపించుకోలేదు. స్కూటర్ మీద ఒక్కడే పై ఊరికి పోయాడు.

ఎండ నడినెత్తికొచ్చినా రాలేదు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆ తర్వాత తెలిసింది, నాన్న నేరుగా ఆ ప్రెసిడెంటు ఇంటికే పోయి, వాళ్ళ వసారాలో కూర్చుని మాట్లాడి, వాళ్ళు పెట్టిన అన్నం తిన్నాడని. ఆనక ఇద్దరూ కలిసి కాలవ కట్ట మీదికి పోయి బస్తాలు తీయించారు. వాళ్ళకు కొన్ని రోజులు, మాకు కొన్ని రోజులని వంతులు పెట్టుకున్నారు. తోటలు బతికాయి. తర్వాతి ఎన్నికల్లో "ఎగువోళ్ళ కూడు తిన్నోడు మనకెందుకు" అని ఊరంతా ప్రచారం చేశారు. నాన్న ఓడిపోయాడు.

ఇదంతా నాకు తెలిసిందే. అందుకే ఆ పొద్దున అడిగాను.

నాన్న అన్నాడు: "నీకు తెలవనిది ఒకటుంది. ముందు రోజు చావిడి కాడ మీటింగులో నేనే అన్నా. రేపటికి నీళ్ళు రాకపోతే ఆ బస్తాలు పగలదీసి తీరతామని. చానా గట్టిగా అన్నా. చప్పట్లు కొట్టారు. నా మాట పట్టుకునే వాళ్ళు ట్రాక్టర్లు ఎక్కింది."

ఇన్నేళ్ళూ నేను తాళంచెవి పీకిన నాన్ననే చూశాను.

"అట్టా చెప్పకపోతే జనం వినరమ్మాయ్. చెప్పినాక ఆపటం చేతకావాల. ఈ మొదటాయనకి చేతనవుద్దో లేదో ఇంత సేపు విన్నా, నాకు తెలవట్లా."

"తెలవనప్పుడు బాగున్నాడని ఎట్టా అంటావు?"

"అన్నాలే," అని నవ్వాడు. "నువ్వు మాత్రం రెండో ఆయన సంగతి తెలిసే ఆయన వైపున్నావా?"

వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "ఆ రోజు వాళ్ళింట్లో ఏం కూర పెట్టారో ఇప్పటికీ చెప్పడు మీ నాన్న!"

"గోంగూర పచ్చడి," అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "మీ అమ్మ చేసేదాని కంటే బాగుంది. చెబితే ఈ ఇంట్లో లేస్తది యుద్ధం."

కాలేజీలో పిల్లల్ని ఎవరు గెలిచారని అడగాలనుకున్నదాన్ని, అది మానుకున్నాను. వీళ్ళిద్దరూ ఇంతకు ముందు ఎదుటివాళ్ళతో తగువొచ్చినప్పుడు ఏం చేశారో చెప్పండన్నాను. బొల్లాపల్లి నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచి, "మాకు ఫోన్లో చిన్న చిన్న ముక్కలే వస్తాయి మేడం. అరిచిన ముక్కలే వస్తాయి. ఏం చేశారో రాదు," అంది. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, అమెరికా చైనా సరుకు మీద పన్నులేస్తే చైనాలో మన మిరపకాయలు కొనేవాళ్ళు తగ్గుతారా పెరుగుతారా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఇద్దరి పాత నిర్ణయాలు వెతికి రమ్మని తలా ఒక పని చెప్పి పంపాను. మర్నాడు సగం మందే తెచ్చారు గానీ, ఆ సగం మందీ గొంతు పెంచకుండా వాదించుకున్నారు.

ఎన్నికల ఫలితం వచ్చేసరికి నాన్న ఊళ్ళో ఉన్నాడు. ఆ రోజు ఫోన్ చేశాడు.

"గెలిచినాయన ముందుగా ఎవరితో మాట్లాడతాడో చూడమ్మాయ్. మనోళ్ళనుకున్న వాళ్ళతోనా, పడనోళ్ళతోనా?"

"చూసి చెబుతా నాన్నా."

"చెప్పు," అన్నాడు. తర్వాత చాలాసేపు పత్తి తీతకు మనుషులు దొరకడం లేదని మాట్లాడాడు.