గొళ్ళెం అన్నయ్య తలుపు వేసిన రోజు

పెద్దల సభలో మాట్లాడేవాళ్ళు వందమంది, ఆ మాటలు రాసేవాళ్ళం ఎనిమిదిమందిమి. ఐదేసి నిమిషాల వంతున లోపలికి వెళ్ళి, సభ నడుమ బల్ల దగ్గర కూర్చుని, వినబడిందల్లా షార్ట్‌హ్యాండ్‌లో గీకి, బయటికి వచ్చి టైపు చేస్తాం. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పని. దేశ భవిష్యత్తు గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కాకపోతే అంతా ఐదు నిమిషాల ముక్కలుగానే తెలుసు.

ఎంత పనికిమాలిన మాటైనా సభలో పలికితే చాలు, చచ్చినట్టు రికార్డులోకి ఎక్కించాలి. ఒక సభ్యుడు ఒకసారి ఏడుసార్లు వరసగా తుమ్మితే, వాటికి అధ్యక్షులవారు చెప్పిన సమాధానం కూడా రాశాను. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు ఆ సభలోనే నిలబడి, ఒక్క అక్షరం కూడా రికార్డుకెక్కని మనిషి ఒకాయన ఉన్నాడు. ఈ నాలుగు ముక్కలూ ఆయన గురించే.

ఆయన తలుపు దగ్గరి అటెండరు. అందరూ గొళ్ళెం అంటారు. నాకు అన్నయ్య. వరస నేనే కలుపుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఏ తలుపులోంచి లోపలికి వెళ్ళాలో తెలియక ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే, ‘ఇటు రా చెల్లెమ్మా’ అని ఆయనే దారి చూపించాడు.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. మామూలుగా సభలో ఓటింగంటే కేకలే. అవుననేవాళ్ళు అవునంటారు, కాదనేవాళ్ళు కాదంటారు, అధ్యక్షులవారు చెవులు రిక్కించి ‘అవుననేవారిదే పైచేయి’ అంటారు. పని అయిపోతుంది. కానీ ఒక్క సభ్యుడు లేచి ‘డివిజన్’ అన్నాడంటే తలలు లెక్కపెట్టాల్సిందే. అప్పుడు మూడు నిమిషాలు గంట మోగుతుంది. క్యాంటీన్‌లో ఉన్నవాళ్ళు, వరండాలో ఫోన్లు మాట్లాడుకునేవాళ్ళు, అందరూ పరుగెత్తుకు రావాలి. గంట ఆగిన క్షణాన అన్నయ్య రెండు తలుపులూ దగ్గరికి లాగి ఇత్తడి గొళ్ళెం వేస్తాడు. ఇక లెక్క తేలేదాకా లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. ఎంత గొప్పవాడు వచ్చి తలుపు కొట్టినా ఆయన తీయడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ తీయలేదు.

ఈ సంగతి దేశమంతా ఒప్పుకుంటుంది, వదిన తప్ప. ‘నేను తలుపు వేశానంటే మంత్రైనా బయటే’ అని ఆయన అన్నప్పుడల్లా, ‘అలాగా, మరి మన బాత్రూమ్ గడియ నాలుగేళ్ళుగా పడటం లేదు, కాస్త చూడండి’ అనేది. వాళ్ళింట్లో స్నానం చేసేవాళ్ళు లోపల్నుంచి పాట పాడుతూ ఉండాలి. పాట ఆగితే ఎవరో ఒకరు లోపలికి వచ్చేస్తారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా అన్నయ్య రచ్చ గెలిచాడు గానీ, ఇంట్లో ఆయన మాటకు విలువ ఆ గడియపాటి కూడా లేదు.

ఆయన నవ్వేసేవాడు గానీ మనసులో గుచ్చుకునేదే. నెలాఖరుకి రిటైర్మెంటు. సభ మళ్ళీ కూడేది మూడు నెలల తర్వాత. అంటే ఆ సమావేశాల ఆఖరి రోజే ఆయనకూ ఆఖరి రోజు. బతిమాలి బామాలి వదినకు గ్యాలరీ పాసు తెచ్చాడు, పదకొండు నుంచి పన్నెండు వరకు. వారం రోజుల ముందునుంచే గొళ్ళేన్ని గుడ్డతో తోమి తోమి మెరిపించాడు.

“ఒక్క డివిజన్ చాలు చెల్లెమ్మా,” అన్నాడు పొద్దున్నే నాతో. “ఒక్కటి పడితే చాలు. తను చూస్తుంది.”

ఆ రోజు నడిచింది నిచ్చెనల బిల్లు. నిచ్చెన మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో దేశమంతటికీ ఒకే కొలత పెట్టాలని ప్రభుత్వం తెచ్చింది. పొట్టివాళ్ళకు అన్యాయం జరుగుతోందని ఒక పొడుగాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎత్తు స్టూలు కూడా నిచ్చెన కిందికే వస్తుందా అని ఇంకొకాయన నిలదీస్తే, రెండు పక్షాలూ ఇరవై నిమిషాలు స్టూలు మీదే కొట్టుకున్నాయి. ఒకావిడ తాను ఆరేళ్ళ వయసులో నిచ్చెన మీంచి పడ్డ వైనం చెప్పి, అప్పుడు అధికారంలో ఉన్నది ఎవరో గుర్తు తెచ్చుకోమంది. ‘నవ్వులు’ అని రాసుకున్నాను.

ఇంత గొడవ పడుతున్నా బిల్లుకు అడ్డు చెప్పేవాళ్ళు గట్టిగా ఎవరూ లేరు. కేకలతోనే గట్టెక్కేలా ఉంది. వదిన గ్యాలరీలో ముందువరసలో కూర్చుని ఉంది. గంటసేపట్లో ఆమె చూసిందేమిటంటే, మొగుడు చీటీలు అందించడం, ఎండ పడుతుంటే కర్టెన్ లాగడం, ఒక గౌరవ సభ్యుడి కళ్ళజోడు పెట్టె కోసం కుర్చీ కిందికి దూరడం. ఆయన దూరినప్పుడు వదిన నుదురు పట్టుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇక్కడ కునుకు పెద్దాయన గురించి చెప్పాలి. మూడో వరస చివరి కుర్చీ ఆయనది. చాలాకాలం కిందట, ప్రతిపక్షంలో ఉండగా, వాళ్ళ నాయకుడు ఆయనకు ఒకే ఒక్క పని అప్పజెప్పాడట: ‘మీరు హాయిగా నిద్రపోండి, మెలకువ రాగానే డివిజన్ అనండి, చాలు.’ ఆయన దాన్ని ఎంత నిష్ఠగా నేర్చుకున్నాడంటే, ఇప్పుడు వాళ్ళదే ప్రభుత్వమైనా, చప్పుడుకి ఉలిక్కిపడి లేచాడంటే నోట మొదట వచ్చే మాట అదే. అందుకే ఓటింగుకు ముందు ఆయన్ని కదిలించొద్దని ఆ పార్టీవాళ్ళు అటెండర్లందరికీ చెప్పి ఉంచారు. అన్నయ్య ఎనిమిదేళ్ళుగా ఆయన బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టేటప్పుడు కింద మడతపెట్టిన గుడ్డ వేసి మరీ పెడుతున్నాడు.

పన్నెండుకు ఆరు నిమిషాలుంది. వంతు నాది. అధ్యక్షులవారు అవుననేవాళ్ళను అవుననమన్నారు, కాదనేవాళ్ళను కాదనమన్నారు, ‘అవుననేవారిదే’ అని మొదలుపెట్టారు.

ఠక్‌మంది గ్లాసు. గుడ్డ అన్నయ్య భుజం మీదే ఉంది.

పెద్దాయన కళ్ళు కూడా తెరవకుండా లేచి నిలబడి, “డివిజన్!” అన్నాడు.

పక్కవాళ్ళు కోటు పట్టుకుని లాగారు, చెవిలో ఏదో చెప్పారు. లాభం లేదు, నోరు జారిన మాట నా పుస్తకంలోకి వచ్చేసింది. గంట మొదలైంది. అంతలో నా వంతు అయిపోయి ఇంకొకామె వచ్చింది. నేను లేస్తూ అన్నయ్య వైపు చూస్తే, ఆయన తల ఎత్తి గ్యాలరీకేసి చూస్తున్నాడు. వదిన కుర్చీ ఖాళీగా ఉంది.

మోకాళ్ళ నొప్పితో కూర్చోలేక ఆమె గంట మోగడానికి ఐదు నిమిషాల ముందే లేచి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో అన్నయ్య మొహం చూడలేకపోయాను. సర్వీసంతా కలిపి ఆ మనిషి చేసిన తప్పు ఒక్కటే, అదీ దండగైపోయింది.

నేను బయటికి వచ్చాను. టైపు చేయడానికి వెళ్ళాలి. వెళ్ళలేదు. తలుపు పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్దల సభ పెద్దలు పరుగెత్తితే చూడాలి. ఒకాయన చొక్కాకి చేతిరుమాలు దోపుకునే వచ్చాడు. ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుంది. కాపలావాళ్ళందరూ ఆ తమాషా చూస్తుండగా, పక్క మెట్లమీంచి వదిన మెల్లగా ఒక్కో మెట్టే దిగుతూ వచ్చింది, పాపం దారి తప్పి.

గంట ఆగింది. తలుపులు దగ్గరవుతున్నాయి. ఆ సందులోంచి అన్నయ్య వదినను చూశాడు, వదిన ఆయన్ను చూసింది. ఆయన చేతులు మాత్రం ఆగలేదు. గొళ్ళెం పడింది.

తలుపు పైసగం అద్దం. వదిన వేళ్ళతో అద్దం మీద కొట్టింది. బయటికి వెళ్ళే దారి తెలియడం లేదండీ, ఒక్కసారి తీయండి అంది. ఆయనకు వినిపించింది, ఆ సంగతి కళ్ళల్లో తెలిసిపోయింది. అయినా తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు వచ్చాడు నిచ్చెనల మంత్రి, ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో కొరికిన బిస్కెట్టు. తలుపు తీయమన్నాడు. తాను మంత్రినన్నాడు. ఇది తన బిల్లేనన్నాడు. అన్నయ్య లోపల్నుంచి గోడగడియారం వైపు చెయ్యి చూపించాడు. మంత్రి కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి మళ్ళీ తలుపు మీద పడబోతే, వదిన ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఊరుకోండి బాబూ, ఆయన తీయరు,” అంది. “కట్టుకున్నదాన్ని, నాకే తీయలేదు.”

ఆ మాటలో అతిశయం ఎంతుందో నాకు తెలుసు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోను. మంత్రి చేసేది లేక బిస్కెట్టు తినేశాడు.

ఆఖరి రోజని ప్రభుత్వం వైపువాళ్ళు చాలామంది అప్పటికే ఊళ్ళకు బయల్దేరిపోయారేమో, ఒక్క ఓటు తేడాతో నిచ్చెనల బిల్లు పోయింది. అందువల్ల దేశంలో ఎవరూ ఎక్కడా పడినట్టు నేను వినలేదు. తలుపు తెరుచుకోగానే మంత్రి విసవిసా లోపలికి వెళ్ళాడు. బిస్కెట్టు సంగతి బయటపడుతుందని కాబోలు, ఫిర్యాదు మాత్రం చేయలేదు.

అన్నయ్య బయటికి వచ్చి ముందు నా దగ్గరికే వచ్చాడు. గుమ్మడికాయ దొంగలా భుజం మీది గుడ్డ తడుముకుంటున్నాడు.

“చెల్లెమ్మా, ఆ గ్లాసు చప్పుడు రాశావా?”

“గ్లాసు సభ్యుడు కాదు కదన్నయ్యా,” అన్నాను.

హమ్మయ్య అనుకుని, ఇక తిట్లు తినడానికి సిద్ధపడి వదిన ముందు నిలబడ్డాడు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా, ఎంతసేపు నిలబడ్డావు అని గొణిగాడు. వదిన ఆయన కాలర్ సరిచేసింది. ఇన్నేళ్ళూ మీరు కోతలు కోస్తున్నారనుకున్నానని ఒప్పుకుంది. ఇరవై రెండేళ్ళలో వదిన ఏదైనా ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయాడు. ఇక ఖాళీయేగా, రేపే ఆ బాత్రూమ్ గడియ బిగించేస్తానన్నాడు.

ఆ తర్వాత వదిన అన్న మాట రికార్డులో ఉండదు. తలుపు బయట మాట్లాడింది రాయకూడదని నిబంధన. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

“వద్దులెండి,” అంది. “ఇంట్లో కూడా మీరు గడియ పెట్టుకుంటే, తీయమని నేనెవరితో చెప్పించను?”