గట్టు మీద తడవని చోటు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మవద్దని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి. చనిపోయినవారు అంత్యదినాన కడబూర మోగేదాకా నిద్రలో ఉంటారనీ, మధ్యలో లేచి మనుషుల్ని పలకరించరనీ సండే స్కూలు రోజుల నుంచీ నాకు నేర్పారు. పిల్లల మెడల్లో తాయెత్తులు నా మాట మీద తెంపేసిన తల్లులు ఎందరో ఉన్నారు. ఇప్పటికీ నా నమ్మకం అదే. దీన్ని దయ్యం కథ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మరి ఏమిటని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఇది డెబ్బైల మధ్యలో జరిగింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా సంఘం తరఫున దేవసహాయం అయ్యగారితో కలిసి డెల్టా గ్రామాల్లో సువార్తకు తిరిగేవాణ్ణి. ఆయనకు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, రెండు కళ్ళలోనూ పొర. చదవలేరు గానీ వాక్యమంతా కంఠతా వచ్చు. ఆయన ప్రసంగించేవారు, నేను కంజీర వాయిస్తూ పాడేవాణ్ణి. సామాను మూట నేనే మోసేవాణ్ణి.

విశ్వాసులున్న ఊళ్ళలో పేటలో ఎవరో ఒకరు చాప పరిచేవారు. కొత్త ఊళ్ళలో అలా కాదు. పగలు మా పాట ఇష్టంగా విన్నవాళ్ళే పొద్దుగూకేసరికి మాది ఏ ఊళ్ళో ఏ పేటో అడిగి తెలుసుకునేవారు. ఆ తర్వాత ఏ అరుగు మీదా మాకు చోటుండేది కాదు. ఇక కాలువ గట్టే దిక్కు.

వానాకాలంలో గట్టు మీద ఒళ్ళు వాల్చలేం. కింద బురద, పురుగూ పుట్రా. అందుకని సముద్రం వైపు జాలర్లు పాత వలతాళ్ళతో అల్లి ఇచ్చిన రెండు వల ఉయ్యాలలు మాతో ఉంచుకునేవాళ్ళం. దగ్గర దగ్గరగా ఉన్న రెండు తుమ్మచెట్లు చూసుకుని, ఆ రెండింటికే పక్కపక్కన రెండు ఉయ్యాలలూ కట్టుకునేవాళ్ళం.

నేల బాధ తప్పింది గానీ వాన బాధ తప్పలేదు. నాట్లు వేసేవాళ్ళు వీపున వేసుకునే తాటాకు గిడుగులే మీద కప్పుకునేవాళ్ళం. అవి సగం ఒంటికే వచ్చేవి. ఇది చూసి, ఒక ఏడాది తొలకరికి ముందు సంఘంవాళ్ళు చందా పోగుచేసి టార్పాలిన్ కొనుక్కోమన్నారు.

ఇద్దరం విజయవాడ వెళ్ళాం. వన్‌టౌన్‌లో తాళ్ళు, గోతాలు, టార్పాలిన్లు అమ్మే దుకాణమది. అక్కడంతా మైనం వాసన. షావుకారు ఓపికమంతుడు. మా అవసరమేమిటో వివరంగా అడిగాడు. ఉయ్యాల అని చెప్పగానే నవ్వాడు.

"పెళ్ళి పందిళ్ళకి అడుగుతారు, ధాన్యం రాశులకి అడుగుతారు. ఉయ్యాల మీదకి టార్పాలిన్ అడిగిన మొదటి బేరం మీదేనండీ."

నవ్వినా సలహాలు మంచివే చెప్పాడు. ప్లాస్టిక్ కాగితం వద్దన్నాడు, గాలికి చిరిగిపోద్దట. మైనం పట్టించిన కాన్వాసు తీసుకుని, అంచుల్లో ఇత్తడి రింగులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసుకోమన్నాడు. వాన నీళ్ళు ఉయ్యాల తాడు వెంటే పాకి వచ్చి పక్క తడిపేస్తాయి కాబట్టి, తాడుకి రెండు కొసల దగ్గరా పాత గుడ్డపీలిక కట్టమన్నాడు. నీళ్ళు ఆ పీలిక దగ్గరే కారిపోతాయి. చెంబెడు నీళ్ళు కాన్వాసు మీద గుమ్మరించి, కింద చెయ్యి పెట్టి చూడమన్నాడు. చుక్క దిగలేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి చిన్నది, ఒక్క ఉయ్యాలకు సరిపోతుంది. రెండోది పెద్దది, పక్కపక్కనున్న రెండింటినీ కప్పుతుంది. మా దగ్గరున్న సొమ్ము దేనికైనా సరిపోతుంది. తేడా అల్లా బరువే. పెద్దదాన్ని మడత పెట్టి భుజాన ఎత్తుకున్నాను. పొడిగా ఉన్నప్పుడే భుజం లాగేసింది. తడిస్తే ఎంత బరువెక్కుతుందో ఊహించుకున్నాను. రోజంతా మోసేది నేనే కదా.

"చిన్నదైతే నడక తేలిగ్గా ఉంటుంది అయ్యగారూ" అన్నాను.

"పెద్దదైతే ఇద్దరం పడుకోవచ్చురా ప్రసాదూ" అన్నారాయన. నా మొహం ఆయనకు సరిగ్గా కనపడకపోయినా నా మనసు అర్థమైనట్టుంది. "సరే, మన ఇష్టం మీద వద్దు. ప్రార్థన చేసి చీట్లు వేద్దాం" అన్నారు.

మా సంఘంలో అది అలవాటే. ఎటూ తేలని విషయమైతే ప్రార్థించి చీటీ తీసేవాళ్ళం. ఏ ఊరికి ముందు వెళ్ళాలో, కొత్త మందిరానికి ఏ స్థలం తీసుకోవాలో అలాగే తేల్చుకున్నాం. టార్పాలిన్లు అమ్మేవాణ్ణి అడగవలసినది దేవుణ్ణి అడిగాం. ఆ అడిగిందైనా నిజాయితీగా అడిగామా అంటే, ఒకరం అడిగాం, ఒకరం అడగలేదు.

చీట్లు రాసింది నేను. రెండింటి మీదా 'చిన్నది' అనే రాశాను.

అయ్యగారు దుకాణం బల్ల మీద కూర్చుని, తలమీద తువాలు వేసుకుని చాలాసేపు ప్రార్థించారు. తర్వాత ఒక చీటీ తీసి షావుకారుకు ఇచ్చి చదవమన్నారు.

"చిన్నది" అని చదివాడు షావుకారు. "బేరాలాడేవాళ్ళని రోజూ చూస్తాను గానీ చీట్లేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండీ. ఏదీ, రెండోది కూడా చూపించండి. ఆయన చెయ్యి మంచిదో కాదో చూద్దాం!"

అప్పటికే రెండో చీటీని ఉండ చుట్టి మెట్ల పక్క మురుగుకాలవలో పడేశాను. పడిపోయిందన్నాను. ఇద్దరూ నమ్మారు.

అయ్యగారు సంతోషంగానే లేచారు. "ప్రభువు చిన్నదే ఇచ్చాడు. దానికింద నువ్వు పడుకో. నీ గొంతు పోతే పాడేదెవరు? నాకు గిడుగు చాలు" అన్నారు. వంతులు వేసుకుందామని ఒకసారి అన్నాను. వద్దన్నారు. రెండోసారి అడగలేదు.

ఆ శ్రావణంలో కూచిపూడి దాటి చాలా దూరం పోయాక, కాలువ నీళ్ళు ఆపే ఒక లాకు దగ్గర మూడు రోజులు వానకు చిక్కుకున్నాం. అక్కడి లష్కరు, అంటే కాలువ నీటిమట్టం చూసే ఉద్యోగి, మంచివాడే. కానీ అతని గది నిండా సిమెంటు బస్తాలు. గట్టు మీదే పడుకున్నాం. నా మీద ఒక్క చుక్క పడలేదు. కాన్వాసు మీద వాన చప్పుడు హాయిగా ఉండేది. పక్క ఉయ్యాలలో ఆయన దగ్గు వినపడేది. మూడోనాటికి ఆయనకు జ్వరం వచ్చింది. విజయవాడ ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. తొమ్మిదో రోజున పోయారు. దేవుడు పిలుచుకున్నాడని సంఘమంతా అంది. సమాధి దగ్గర పాట నేనే పాడాను. నా గొంతు బాగానే ఉంది.

మరుసటి ఏడు వానల్లో ఒంటరిగా అదే దారిన వెళ్ళాను. ఆ లాకు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. మంచి చెట్ల జత ఇంకోటి కనపడక, అవే రెండు తుమ్మచెట్లకు ఉయ్యాల కట్టాను. పైన చిన్న టార్పాలిన్. పక్కన ఖాళీ. రాత్రంతా వాన పడింది. నాకేమీ కనపడలేదు, వినపడలేదు. నిద్ర బాగానే పట్టింది.

బాగా తెల్లవారాక లష్కరు కేక వేసి లేపాడు. అప్పుడు కూడా వాన పడుతూనే ఉంది.

"ఏమయ్యో పాటలబ్బాయ్, ఇంకా లేవలేదా? ముసలాయన నీకంటే ముందే లేచిపోయినట్టున్నాడే!"

"ఏ ముసలాయన?" అన్నాను.

"మీ ఆయనేనయ్యా, వాక్యం చెప్పే ఆయన. ఇప్పటిదాకా ఇక్కడేగా పడుకుంది? ఇదిగో, నేల పొడిగానే ఉందిగా."

ఉయ్యాల దిగి చూశాను. గట్టంతా చిత్తడిగా ఉంది. నా టార్పాలిన్ అంచు నుంచి ధారగా కారుతోంది. ఆ ధారకు అవతల, ఏ కప్పూ లేని చోట, నిలువుగా మనిషి పొడవు కంటే కొంచెం ఎక్కువ, అడ్డంగా రెండు మూరలు, నేల పొడిగా ఉంది. తడి ఆరిన నేల కాదు. ఎండాకాలపు దుమ్ము. అందులో చీమలు బారు కట్టి పోతున్నాయి. పెద్ద టార్పాలిన్ కొని ఉంటే దాని రెండో సగం ఎక్కడిదాకా వచ్చేదో, అక్కడిదాకా ఉంది ఆ పొడి.

చెట్టు నీడ అనుకోవడానికి లేదు. తుమ్మాకు వానను ఆపదు. గాలివాటం అనుకోవడానికీ లేదు, వాన నిలువుగా పడుతోంది. ఆ చోటు మీదికి చెయ్యి చాపాను. చెయ్యి తడిసింది. నా వేళ్ళ నుంచి చుక్కలు కిందికి జారడం చూశాను. నేల తడవలేదు.

"ఆయన పోయి ఏడాదవుతోంది బాబాయ్" అన్నాను.

లష్కరు నన్ను చూశాడు, నేలను చూశాడు. "నేను చూసింది ఎవరికన్నా చెప్తే తాగున్నానంటారయ్యా" అన్నాడు. అయినా ఆ చోటు తొక్కకుండా నీళ్ళ అంచునుంచి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాసేపటికి, వాన పూర్తిగా ఆగిపోయాక, పక్కనున్న తడే లోపలికి పాకి ఆ నేల మిగతా గట్టులో కలిసిపోయింది.

నేను నోరు విప్పలేదు. లష్కరే చెప్పాడు. అది పేటకు, పేట నుంచి మా సంఘానికి పాకింది. పెద్దలు నన్ను పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. ఆదివారం లేచి నిలబడి చెప్పాను. వాన, పొడి నేల, చీమలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. చీట్ల మాట చెప్పలేదు. దేవుడు తన సేవకుడి పడకను తడవనివ్వలేదని ఆడవాళ్ళు ఏడ్చారు. ఆ ఏడాదే అయ్యగారి స్థానంలో నన్ను నియమించారు.

ఆయన భార్య సుందరమ్మగారు ఆ ఆదివారం మందిరానికి రాలేదు. సాయంత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. కూర్చోమనలేదు.

"పొడి నేల చూసి పండగ చేసుకుంటున్నారంటగా" అన్నారు. "మనిషి బతికుండగా ఆ రెండు మూరల చోటు ఎవరిచ్చార్రా?"

ఆ మాటతో ఇక ఆగలేకపోయాను. నిలబడే చీట్ల సంగతంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టారు.

"ఇది పొద్దున అందరిలో చెప్పావా?"

"లేదమ్మగారూ."

"చెప్తావా?"

నేను చేటలో బియ్యం వైపు చూశాను.

"మోసే మూట తేలిగ్గా ఉండాలనేగా అప్పుడు ఆ పని చేశావు? ఇప్పుడు ఇది కూడా నా నెత్తిన పెట్టి పోదామని వచ్చావా? తీసుకుపో. నేను మొయ్యను."

తర్వాత ఆమె బతికిన పదకొండేళ్ళలో మందిరంలో నేనిచ్చిన ప్రభురాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఒక్కసారి కూడా తీసుకోలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. మొగుడు పోయి మతి చలించిందన్నారు సంఘంవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళను నేను వారించలేదు. ఆమె కూడా పోయాక, చాలా ఆలస్యంగా, ఇప్పుడిది రాస్తున్నాను.

నేల ఎందుకు తడవలేదో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. చదువుకున్నవాళ్ళను అడిగాను, దైవజనులను అడిగాను. చనిపోయినవారు తిరిగిరారని నాకు తెలుసు. ఆయన వచ్చారని నేను అనను. అది దేవుడి పనైతే, అయ్యగారిని గౌరవించడానికి చేశాడో, నాకు చూపించడానికి చేశాడో తెలియదు. వాన నా చేతిని తడిపి నేలను వదిలేసిన ఆ కాసేపూ అక్కడ ఆ చీట్ల గురించి నన్నెవరూ ఏమీ అనలేదు. ఒక్క మాట అనుంటే బాగుండేది.