బియ్యం డబ్బాలో తాళంచెవి

వేసవి అంతా ఒక జిల్లా కేంద్రానికి కంటి మీద కునుకు లేకుండా చేసిన దొంగ, మఫ్టీలో తిరిగిన కానిస్టేబులు, మంటలు, ఇనుప చువ్వలు, ఒక ప్రాణం. దీన్నంతా మహాకావ్యంలా చెబుదామనే కూర్చున్నాను. కానీ దొంగని పట్టుకున్నది నేను కాదు. నేను ఎవరి వెనకా పరుగెత్తనూ లేదు. ఇది గోడకి కొట్టే ఒక మేకు గురించి.

కరోనా లాక్‌డౌన్లు అయిపోయి, జనం మళ్లీ పెళ్లిళ్లకి ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన వేసవిలో నన్ను దివిసీమ నుంచి మచిలీపట్నం టౌన్‌కి, అంటే మా బందరుకి, క్రైమ్ పార్టీలోకి బదిలీ చేశారు. క్రైమ్ పార్టీ అంటే యూనిఫాం లేకుండా తిరుగుతూ దొంగతనాల కేసులు మాత్రమే చూసే కానిస్టేబుళ్ల జట్టు. మేం పోలీసులమని ఎవరికీ తెలియకూడదని నియమం. బందరులో మాకు టీ ఇచ్చే ప్రతి కొట్టువాడూ "క్రైమ్ పార్టీ వాళ్లకి రెండు స్పెషల్" అని లోపలికి కేకేసేవాడు.

ముప్పై ఎనిమిదేళ్లకే రిటైరయ్యానంటే ఏదో కాల్పుల్లో గాయపడ్డానని అనుకుంటారు. మోకాలు పోయిన మాట నిజం. నేరాల నివారణ మన చేతుల్లోనే ఉందని రాసిన ఫ్లెక్సీ కడుతూ నిచ్చెన మీంచి పడ్డాను. మెడికల్ బోర్డు డాక్టర్లు కారణం రాసుకునేటప్పుడు నవ్వలేదు. మర్యాదస్తులు.

ఇక దొంగ సంగతి. ప్రతి దొంగకీ ఒక పద్ధతి ఉంటుంది, దాన్ని మేం ఎం.ఓ. అంటాం. వీడి పద్ధతి చాలా తేలిక. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు నిద్రపోయే వేళ వీధి కిటికీలోంచి కొక్కెం బిగించిన కర్ర దూర్చి, తలుపు పక్కన వేలాడే తాళంచెవి లాక్కునేవాడు. దాంతో వరండా గ్రిల్ తాళం తీసి చుట్టంలా లోపలికి నడిచేవాడు. బందరులో తలుపు పక్కన మేకు లేని ఇల్లు నేను చూడలేదు. మేకుకి క్యాలెండరు, దాని మీద కరెంటు బిల్లు, దాని మీద తాళంచెవులు. దొంగకి ఇంతకన్నా సదుపాయం ఏం కావాలి?

చిలకలపూడి వైపు ఇంకో చిక్కు ఉండేది. అక్కడ ఇంటింటా కవరింగ్ నగల పని. ఒక ఇంట్లో వీడు ఎత్తుకెళ్లిన గొలుసులు బంగారం కాదని తెలిసి కాలవ గట్టున పారేసి పోయాడు. ఫిర్యాదు రాయడానికి వెళ్తే ఆ ఇంటాయన దొంగతనం ఊసే ఎత్తలేదు. "పారేసేటంత తీసికట్టుగా ఉందా అండీ మా పని?" అని నన్నే అడిగాడు.

మా ఎస్సై మేడమ్ మాట్లాడేది తక్కువ, చదివేది ఎక్కువ. కేసులన్నీ ముందేసుకుని, దొంగ దొరికేదాకా ఆగకుండా జనానికి ముందు జాగ్రత్తలు చెప్పమంది. దీన్ని మా భాషలో అవగాహన సదస్సు అంటారు. ఒక్కో వీధిలో జనాన్ని పోగెయ్యాలి, చెప్పాల్సింది చెప్పాలి, రిజిస్టరులో సంతకాలు తీసుకోవాలి, ఫొటో తీసి పైకి పంపాలి. ఫొటోలో ఖాళీ కుర్చీలు పడకూడదు. "నీకు నోరుందిగా, నువ్వే చూసుకో" అంది.

నిజంగానే నాకు నోరుంది. అయిదడుగుల వెదురు కర్రకి బట్టల హ్యాంగరు తీగతో కొక్కెం చేయించాను. సదస్సు జరిగే ఇంటి కిటికీలోంచి కర్ర దూర్చి, అందరూ చూస్తుండగానే తాళంచెవి లాగి చూపించేవాణ్ణి. జనం ముందు నోరెళ్లబెట్టేవాళ్లు, తర్వాత నవ్వేవాళ్లు, తర్వాత ఇళ్లకెళ్లి మేకులు పీకేసేవాళ్లు. రెండో సలహా తాళం గురించి. పాత తాళాలు మార్చేయండి, కట్టరుకీ సుత్తికీ లొంగని గట్టి తాళం వేయండి అని. పగలైనా సరే, ఇంట్లో ఒక్కరే ఉంటే గ్రిల్‌కి లోపల్నుంచి తాళం వేసుకోమని మూడోది.

చిలకలపూడి సదస్సులో ఖాసింబీ గారు ముందు వరసలో కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. కొడుకు జానీ బాషా ఇంట్లోనే కవరింగ్ గొలుసులు చేస్తాడు, ఆవిడ వాటి చివర కొక్కేలు బిగిస్తుంది. కళ్లజోడు లేకుండా. నా కర్ర చివర కొక్కెం చూసి, "వంపు చాల్లేదు నాయనా, జారిపోద్ది" అని పని తెలిసినదానిలా చెప్పింది. తర్వాత అడిగింది.

"మేకు పీకేస్తే తాళంచెవి ఎక్కడ పెట్టమంటావు?"

"బియ్యం డబ్బాలో పెట్టండమ్మా. దొంగకి అన్నం వండుకునేంత తీరిక ఉండదు."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వులు తగ్గేదాకా ఆగి మళ్లీ అడిగింది.

"గబుక్కున కావాలంటేనో?"

"గబుక్కున కావాల్సింది దొంగకి. మనకేం తొందరమ్మా, ఇంట్లోనే ఉంటాంగా."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆవిడ అడిగింది ప్రశ్న. నేను చెప్పింది జవాబు కాదు. ఆ తేడా ఆ రోజు నాకు తెలియలేదు. ఫొటో బాగా వచ్చింది, ఖాళీ కుర్చీ ఒక్కటి కూడా పడలేదు.

దొంగతనాలు ఆగిపోయాయి. దొంగ గుడివాడ బస్టాండులో సీటు మీద తువ్వాలు ఎవరు ముందు వేశారన్న తగాదాలో దొరికాడు. తోపులాటలో సంచీలోంచి మడత కర్ర, కొక్కెం కింద పడ్డాయి. అవతలివాడు ఊరికే అనుమానపడి అక్కడి కానిస్టేబుల్ని పిలిచాడు. నాకు మాత్రం నివారణ చర్యలకి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని లామినేషన్ చేయించాను.

తొలకరి పడిన వారంలో ఒకరోజు, పొద్దున్న పదకొండు దాటాక, చిలకలపూడి మీదుగా బండి మీద వెళ్తున్నాను. ఒక సందులోంచి పొగ. జనం జానీ బాషా ఇంటి ముందు పోగై ఉన్నారు. వంటింట్లో గ్యాస్ పైపు దగ్గర అంటుకుందని తర్వాత తేలింది. బాషా తయారైన గొలుసులు ఇవ్వడానికి బజారుకి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ తల్లిని లోపల్నుంచి తాళం వేసుకోమన్నాడు. ఆవిడ వేసుకుంది. వెనక తలుపు వంటింట్లోంచే.

నేను వెళ్లేసరికి ఖాసింబీ గారు గ్రిల్ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. దగ్గుతోంది. వెనక వంటింటి గుమ్మంలోంచి నల్లటి పొగ. ఎదురింటి సుబ్బారావు రోకలితో తాళాన్ని మోదుతున్నాడు. తాళానికి గీత కూడా పడలేదు. నేను చెప్పిన రకమే.

"తాళంచెవి ఎక్కడుందమ్మా?" అన్నాను.

నన్ను గుర్తుపట్టింది. "నువ్వు చెప్పిన చోటే ఉంది నాయనా" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. పోలీసు అడిగాడు, సమాధానం చెప్పింది.

"కదలకండి, పగలగొట్టేస్తాం" అన్నాను. ఫైరింజన్‌కి అప్పటికే ఎవరో ఫోన్ చేశారు. సుబ్బారావు కొడుకు గునపం కోసం పరుగెత్తాడు. నేను తాళం చూడటానికి వంగాను. తల ఎత్తేసరికి ఆవిడ చువ్వల దగ్గర లేదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి నడుస్తోంది. పిలిచాను. అందరం పిలిచాం. "ఇదుగో, తెచ్చేస్తా" అనడం వినపడింది.

గునపం వచ్చాక తాళం జోలికి పోకుండా గోడలో గ్రిల్ ఫ్రేమ్ పాతిన చోట పొడిచాం. ఇటుకలు తేలిగ్గానే ఊడాయి. అంత గట్టి తాళం నాలుగు పాత ఇటుకల్ని నమ్ముకుని వేలాడుతోందని మా సదస్సుల్లో మేమెవరం అనుకోలేదు. తడిపిన గోనెసంచి కప్పుకుని నేనూ సుబ్బారావూ లోపలికి వెళ్లాం. మంట ఇంకా అటుపక్క గోడ దగ్గరే ఉంది. ఆవిడ బియ్యం డబ్బా పక్కన పడి ఉంది. ఒంటి మీద ఒక్క కాలిన గాయం లేదు. పొగకే పోయింది. కుడి చెయ్యి మూసి ఉంది. అందులో తాళంచెవి, కొన్ని బియ్యపు గింజలు.

ఇలాంటి మరణానికి శవపంచనామా చేయాలి. ఎస్సై ఎదుట, స్థానికులైన పెద్దమనుషుల సమక్షంలో, శవం ఉన్న స్థితి, చుట్టుపక్కల వస్తువులు, మరణ కారణం మీద వాళ్ల అభిప్రాయం రాస్తారు. మేడమ్ చెబుతుంటే రాసింది నేనే. "వరండా గ్రిల్‌కు లోపలి వైపు తాళం వేసి ఉన్నది. మృతురాలి కుడి చేతిలో సదరు తాళపుచెవి ఉన్నది." సదరు అన్న మాట దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. తాళంచెవిని బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరు చెప్పారన్న దానికి ఫారంలో గడి లేదు.

జానీ బాషా ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు చెప్పిన అన్నం మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది సార్ మా అమ్మ. చెప్పినప్పుడల్లా డబ్బా మూత తీసి మరీ చూపించేది" అన్నాడు.

 

స్టేషన్‌కొచ్చి మేడమ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను సస్పెండ్ చేయమన్నట్టుగా కాస్త నాటకీయంగానే చెప్పాను. ఆవిడ ఫైలులోంచి తల ఎత్తలేదు.

"నీ మీద కేసవదు. ఆ సంతకాల రిజిస్టరు తీసుకో. ఎన్ని వీధుల్లో చెప్పావో అన్ని వీధులకీ వెళ్లి సరిచేసి రా."

"మేకులు మళ్లీ కొట్టుకోమని చెప్పనా మేడమ్?"

"ఎక్కడ కొట్టాలో ముందు తెలుసుకుని చెప్పు. ఈసారి నవ్వించకు."

తెలుసుకోవడానికి జానీ బాషా ఇంటికే వెళ్లాను. వేరే ఇంటికి వెళ్లొచ్చు, కానీ అది తప్పించుకోవడమే అవుతుంది. గ్రిల్ మళ్లీ బిగించి ఉంది. సంగతి చెబితే ఆయన నా కర్ర తీసుకుని బయటికి వెళ్లి కిటికీలోంచి దూర్చాడు. నేను లోపల నిలబడి గోడ మీద ఒక్కో చోట తాళంచెవి పట్టుకున్నాను. మొదటి రెండు చోట్లా కొక్కెం అందుకుంది. అప్పుడు కొక్కెం వైపు చూశాను. వంపు ఎక్కువ చేసి ఉంది. సదస్సులో వాళ్లమ్మ చెప్పినట్టే, బయటికి వెళ్లాక ఆయన పటకారుతో వంచాడు. మూడోసారి కిటికీ ఉన్న గోడకే, కిటికీకి నాలుగడుగుల అవతల పట్టుకున్నాను. కర్ర లోపలికి వస్తుంది గానీ వెనక్కి తిరగలేదు. చాలాసేపు ప్రయత్నించి, "ఇక్కడ అందదు సార్" అన్నాడు. సుద్దతో గుర్తు పెట్టాం. ఖాసింబీ గారు ఎంత పొడుగుండేదో ఆయన్నే అడిగి, ఆ గుర్తుని ఒక జానెడు కిందికి దించాం.

ఆ తర్వాత నెలన్నర పాటు పాత రిజిస్టరు పట్టుకుని వీధి వీధీ తిరిగాను. జనం నన్ను చూసి ముందే నవ్వు మొహాలు పెట్టేవాళ్లు. కాసేపటికి ఆపేసేవాళ్లు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చెప్పాలంటే ఇంతే. దొంగని లోపలికి రానివ్వని ఏ ఏర్పాటునైనా, లోపలి మనిషి ఎంతసేపట్లో బయటికి రాగలదో చూశాకే జనానికి చెప్పాలి. తాళంచెవి కిటికీ గోడకే, కిటికీకి నాలుగడుగుల దూరంలో, ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషి భుజం ఎత్తులో ఉండాలి. మామూలు ఇనుప మేకు కొట్టకండి. బందరు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఊడిపోతుంది. స్టీలుది అడగండి.