ముహూర్తం ఫోల్డరు

లాక్‌డౌన్లు పూర్తిగా ఎత్తేసిన మరుసటి సంవత్సరం, ఉగాది దాటిన వారంలో, రేణిగుంట రోడ్డులోని ఒక వీడియో గేముల కంపెనీలో పరీక్షల విభాగానికి అధిపతిగా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే చివరి మజిలీ. అంతకు ముందు పాతికేళ్ళకు పైగా చెన్నైలో మదర్‌బోర్డులు, గ్రాఫిక్స్ కార్డులు పరీక్షించే పనిలో ఉన్నాను. కాగితం మీద నా హోదా ప్రిన్సిపల్ టెస్ట్ ఇంజనీర్. అసలు పని ఒక్కటే: ఒకరు కష్టపడి కట్టినది ఎక్కడ కూలుతుందో వెతికి చెప్పడం. ఈ పని చేసేవాళ్ళకు ఆఫీసులో స్నేహితులు తక్కువ. పుట్టిన జిల్లాకు తిరిగొచ్చానన్న సంతోషంలో ఆ లోటు నాకు పెద్దగా తెలియలేదు.

కింద లారీ ట్రాన్స్‌పోర్టు గోడౌను, పైన మా ఆఫీసు. యజమాని మునిరత్నం గారిది చిత్తూరు. బెల్లం మండీ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ప్రోగ్రామింగ్ ఒక్క ముక్క రాదు. ఆటలు మాత్రం మా అందరికంటే బాగా ఆడతాడు. కంపెనీ మొత్తం ఒకే ఆట మీద పనిచేస్తోంది. ఘాట్ రోడ్డులో బస్సు నడపడం ఆ ఆట. మంచు, వాన, ఎదురొచ్చే జీపులు, కోతులు. ఏ ప్రయాణికుడికీ వాంతి రాకుండా బస్సును పైకి చేర్చాలి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. ఆడి చూస్తే చెమట్లు పడతాయి.

సొంతంగా కొనుక్కున్న కంప్యూటర్లలో నడిచే ఆటకు ఒక చిక్కుంది. ఆట కోసమే తయారైన పెట్టె అయితే లోపల అన్నీ ఒకే రకం. కంప్యూటర్ అలా కాదు. ఒకరి ఇంట్లో పదేళ్ళ నాటి ప్రాసెసర్, ఇంకొకరింట్లో మొన్న వచ్చిన గ్రాఫిక్స్ కార్డు. అందుకే పరీక్షల గదిలో పాతవీ కొత్తవీ కలిపి ఏడు యంత్రాలు పెట్టాను. ఏడంటే, ఏడు కొండల కిందున్న ఈ ఊళ్ళో పేర్లు వెతుక్కోనక్కర్లేదు కదా. బాగా పాతది శేషాద్రి, అన్నిటికంటే బలమైనది వేంకటాద్రి, నడుమ మిగతా అయిదు కొండలు. ఆటను మార్కెట్లో పెట్టే చెన్నై సంస్థ షరతు ఏమిటంటే, శేషాద్రి లాంటి యంత్రంలో కూడా తెర మీద సెకనుకు ముప్పై బొమ్మలకు తగ్గకూడదు, నడుమ ఎక్కడా ఆగకూడదు.

ఆటకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య మాట చేరవేసే దుబాసీని గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేసు అంటారు. డైరెక్ట్‌ఎక్స్ పాత కూర్పులు, ఓపెన్‌జీఎల్ లాంటి పాత దుబాసీలు పెళ్ళికి కుదుర్చుకున్న వంట మాస్టరు లాంటివి. పప్పూ కూరా ఏం కావాలో చెబితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే వాళ్ళ నిదానం వాళ్ళది. వల్కన్ లాంటి కొత్తవి అలా కాదు. గ్యాసు బండ దగ్గర్నుంచి గరిటె దాకా అన్నీ మనమే సర్దుకోవాలి. సర్దుకోవడం తెలిస్తే పాత యంత్రం కూడా పరుగెత్తుతుంది. తెలియకపోతే విస్తళ్ళు వేశాక బియ్యం ఏరుకుంటూ కూర్చోవాలి.

మా ఆటను వల్కన్‌కు మార్చే పని హేమలత అనే అమ్మాయిది. పలమనేరు దగ్గర టమాటా పండించే ఇంటి పిల్ల. బెంగుళూరులో వచ్చిన ఉద్యోగం కాదనుకుని, బొమ్మ గీసే భాగాన్ని మొదటి నుంచీ తన చేత్తో రాస్తానని ఇక్కడే ఉండిపోయింది. రెండేళ్ళ కష్టం అది. ఆమె పైఅధికారి సుధాకర్, ప్రోగ్రామింగ్ విభాగానికి పెద్ద. జాగ్రత్తపరుడు. పాతదాంతోనే శేషాద్రిని ఎలాగోలా ముప్పైకి ఎక్కిద్దాం, కావాలంటే చెట్లూ మంచూ తగ్గిద్దాం అన్నది మొదటి నుంచీ అతని మాట. అతనికీ కారణాలున్నాయి. గడువు దాటితే చెన్నై వాళ్ళకు జవాబు చెప్పాల్సింది అతనే.

వైశాఖంలో హేమలత రాసిన కొత్త భాగానికి ముహూర్తం పెట్టారు. సినిమాకు కొబ్బరికాయ కొట్టి మొదటి షాట్ తీసినట్టు, మా కంపెనీలో మొదటి బొమ్మ మంచి ఘడియలో తెరమీదికి రావాలి. హేమలత బల్ల మీది యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టి, హారతి ఇచ్చి, మునిరత్నం గారి చేత ఎంటర్ నొక్కించారు. బస్సు తెర మీదికి వచ్చింది. మలుపు తిరిగింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను దొన్నెడు చక్కెర పొంగలి తిని నా గదికి వెళ్ళిపోయాను. వెనకాల ఇంకేం చేశారో నేను చూడలేదు.

జులై నడుమ, ఆడి నెల మొదలయ్యేసరికి కొత్త కూర్పు పరీక్షకు వచ్చింది. ఫలితం ఘోరంగా ఉంది. బస్సు తిన్నగా పోతున్నంత సేపు అద్భుతం. శేషాద్రిలో కూడా నలభై బొమ్మలు. మలుపు తిరిగేసరికి తెర బిగుసుకుపోయేది. అర సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఘాట్ రోడ్డు మలుపులో అర సెకను ఆగితే బస్సు లోయలో ఉంటుంది. ఏడు కొండల్లోనూ ఇదే వరస.

హేమలతను పిలిచి చూపించాను.

"నా మెషిన్లో బాగానే ఉండాది మేడమ్. మీరే వచ్చి సూడండి" అంది.

ఈ మాట నా ఉద్యోగంలో ఎంతమంది దగ్గర విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆట కొన్నవాళ్ళందరి ఇళ్ళకూ నీ మెషిన్ పంపిస్తావా అని కసిరాను. తర్వాత వెళ్ళి చూశాను. నిజంగానే ఆమె యంత్రంలో బస్సు వెన్నలా పోతోంది.

సుధాకర్ సమావేశం పెట్టించాడు. వారం తిరిగేలోగా పరీక్షల విభాగం లిఖితపూర్వకంగా తీర్పు ఇవ్వాలి. బాగాలేదని నేను రాస్తే కొత్త భాగం చెత్తబుట్టలోకి, ఆట తిరిగి పాత ఇంటర్‌ఫేసులోకి. పాతదాంట్లో హేమలతకు చేయడానికి పనేమీ మిగలదని, ఆమె తన దారి చూసుకోవచ్చని కూడా అక్కడే చెప్పేశారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. మునిరత్నం గారు నావైపు తిరిగి, "ఏమ్మా, ఈ పాప రాసింది పనికొస్తాదా రాదా? మీరు ఎట్ల సెప్తే అట్ల" అన్నాడు. నాకు ఆ బరువు నచ్చలేదు. అయినా దించుకునే వీలు లేదు.

మా వృత్తిలో ప్రతి యంత్రం మీదా రెండు పరుగులు తీయిస్తాం. ఆట కొత్తగా ఎక్కించి మొదటిసారి నడిపేది చల్ల పరుగు. ఆట మూసి మళ్ళీ తెరిచి నడిపేది వేడి పరుగు. వల్కన్‌లో ప్రతి దృశ్యానికీ కార్డు చేయాల్సిన పనిని ముందే వండి సిద్ధం చేయాలి; ఆ వండిన ముద్దను పైప్‌లైన్ అంటారు. వండడానికి సమయం పడుతుంది. అందుకే ఒకసారి వండాక డిస్కులో ఒక ఫోల్డరులో దాచుకుంటారు, దాన్ని కాష్ అంటారు. చల్ల పరుగులో తడబడినా వేడి పరుగులో తడబాటు పోవాలి. మా దగ్గర రెండూ ఒకేలా తడబడుతున్నాయి. అందుకే కొత్త ఇంటర్‌ఫేసే బరువని అందరూ తేల్చేశారు. డ్రైవరు, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేరు, తనంతట తాను కూడా కొంత దాచుకుంటుంది. కానీ ఆట సొంతబలం తెలియాలని పరీక్షల్లో దాన్ని ఆపేస్తాం. చెన్నై వాళ్ళదీ అదే నియమం.

తీర్పు రాసే ముందు శేషాద్రి ముందు కూర్చుని నేనే బస్సు నడిపాను. నాకు ఆటలు రావు. కొండ ఎక్కడం, లోయలో పడడం, మళ్ళీ కింది నుంచి ఎక్కడం. అలా పడుతూ లేస్తూ ఉండగా ఒకటి కనిపించింది. ఒకసారి ఆగిన మలుపు దగ్గర, ఆట మూయకుండా రెండోసారి వెళితే ఆగడం లేదు. ఆట మూసి తెరిస్తే మళ్ళీ మొదటికొస్తోంది. అంటే వంట సరిగానే జరుగుతోంది. వండినది డిస్కులోకి చేరడం లేదు.

హేమలతను, సుధాకర్‌ను పిలిచాను. ముగ్గురం కాష్ ఫోల్డరు తెరిచి చూశాం. లోపలి ఫైలు తేదీ వైశాఖంలోది. శేషాద్రిలో ఆట ఎక్కించింది ఆడి నెలలో! ఫోల్డరు మీద నొక్కి చూస్తే, చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేదని గుర్తు ఉంది.

హేమలత ముఖం పాలిపోయింది. "అది ముహూర్తం ఫోల్డరు మేడమ్" అంది.

అప్పుడు బయటపడింది సంగతి. మునిరత్నం గారి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సీజనులో మండీకి వచ్చిన మొదటి బెల్లం దిమ్మను అమ్మరు, తినరు. దేవుడి గూట్లో పెట్టి ఎవరినీ ముట్టనివ్వరు. ముహూర్తం రోజు హారతి అయ్యాక ఆయన, ఈ పొద్దు పుట్టిందాన్ని ఎవురూ మార్చగూడదు అన్నాడట. ఆ ఘడియలో యంత్రం కొత్తగా పుట్టించింది ఆ కాష్ ఫైలే. సిస్టమ్స్ చూసే అతను దానికి మార్చరాదని గుర్తు పెట్టాడు. మంచిదే కదా అని ఆట ప్రతి కూర్పులోనూ దాన్ని అలాగే చేర్చారు.

కానీ ఆ ఫైలు మొదట్లో ఏ కార్డు, ఏ డ్రైవరు దగ్గర వండిందో రాసి ఉంటుంది. వేరే కార్డు, వేరే డ్రైవరు దాన్ని చూసి నాది కాదని నిశ్శబ్దంగా పక్కన పెట్టి, అంతా మళ్ళీ వండుతుంది. వండినది దాచబోతే ఫోల్డరు ఒప్పుకోదు. దాచడం కుదరకపోతే ఆట ఆగిపోకుండా ముందుకు పోవాలని హేమలత రాసింది. ఎవరైనా అలాగే రాస్తారు. హేమలత యంత్రంలో మాత్రం అదే కార్డు, అదే డ్రైవరు. ముహూర్తం చూసిన యంత్రమని దాని డ్రైవరును కూడా ఎవరూ మార్చలేదు. ఆ ఫైల్లో లేని మలుపులను డ్రైవరు సొంతంగా దాచుకున్నది కాసింది; ఆమె దగ్గర దాన్ని ఎవరూ ఆపలేదు.

ఇక మిగిలింది శేషాద్రిలో ఆ ఫోల్డరు తీసేసి చూడడం. అది వట్టి నకలు. అసలుది హేమలత బల్ల మీద క్షేమంగా ఉంది. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. అయినా సుధాకర్ కీబోర్డును హేమలతవైపు జరిపాడు. హేమలత నావైపు జరిపింది. పూజా పునస్కారాలు నాకు పట్టవని అందరి దగ్గరా చెప్పుకు తిరిగేదాన్ని. డిలీట్ మీద వేలు పెట్టి, నొక్కకుండానే వెనక్కి తీసుకున్నాను. ఎందుకో చేయి రాలేదు. కార్డు లోపల ఏం జరుగుతుందో పూస గుచ్చినట్టు చెప్పగల ముగ్గురం ఒక మీట నొక్కలేక కూర్చున్నాం.

చివరికి మునిరత్నం గారినే పిలిచాం. సుధాకర్ విషయమంతా వివరించాడు. తను పొరబడ్డానని, తప్పు హేమలత రాసినదాంట్లో లేదని దాచుకోకుండా చెప్పాడు. ఆ మాటతో అతని మీద నాకు గౌరవం పెరిగింది. మునిరత్నం గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"డ్రైవరు మారేదంటే, కొత్త పంట వచ్చినట్టేనా పాపా?" అని హేమలతను అడిగాడు.

"అంతే అన్నా. పంట మారితే మళ్లా మొదటి నుంచి వండుకోవాల."

"మరి నాకు ముందే సెప్పొద్దా? మొదటి దిమ్మను మేమేమన్నా కాలమంతా పెట్టుకుంటామా? కొత్త పంట వస్తానే పాతదాన్ని తీసేసి, కొత్తది పెడతాం. తీయకుంటే ఆడనే కరిగి గూడంతా సీమలు పడతాయి."

ఆయన చెప్పులు విడిచి వచ్చి, శేషాద్రి క్యాబినెట్‌ను తాకి కళ్ళకు అద్దుకుని, తన చేత్తోనే ఆ ఫోల్డరు తీసేశాడు. చల్ల పరుగులో బస్సు మలుపు మలుపుకూ తడబడింది. ఆట మూశాం, తెరిచాం. ఈసారి ఆయనే నడిపాడు. బస్సు కింది నుంచి కొండ మీది దాకా ఎక్కడా ఆగలేదు. మంచు అలాగే ఉంది, చెట్లూ అలాగే ఉన్నాయి. హేమలత ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. తీర్పు కాగితం మీద పనికొస్తుందని రాసి సంతకం పెట్టాను.

చల్ల పరుగులోని తడబాటు పోవడానికి, ఆట తెరుచుకునేటప్పుడే కొంత వండేలా హేమలత మార్చింది. కాష్‌ను ఆడేవాళ్ళ సొంత ఫోల్డరులోకి తరలించి, కార్డూ డ్రైవరూ మారితే పాతది దానంతటదే పోయేలా రాసింది. ముహూర్తాలు మానలేదు. ఇప్పుడు గ్రాఫిక్స్ విభాగానికి ఆమే పెద్ద.

ఈ ఘటన నాకు నేర్పింది ఒకటే. అందరం కొత్తగా వచ్చిన ఇంటర్‌ఫేసును అనుమానించి అక్కడే వెతికాం. నమ్మి పక్కన పెట్టినదాన్ని తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఏ యంత్రం పరీక్షకు వచ్చినా, ఇందులో ఎవరూ ముట్టుకోనిది ఏముందని మొదట అడిగేదాన్ని. ఏమీ లేదని జవాబు వస్తే, ఆ యంత్రం ముందు ఇంకాస్త ఎక్కువసేపు కూర్చునేదాన్ని.