గట్టు పక్క ఆకు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక గంప ఆకు. నవ్వకండి. మల్బరీ ఆకు గంప ఎంత బరువుంటుంది? పదహారేళ్ళ పిల్ల నెత్తిన పెట్టుకుని గట్టు మీద పరుగెత్తగలిగినంత. నేను అలాగే పరుగెత్తాను. ఆ రోజు నెత్తి మీంచి దించిన గంప నా లోపల ఇంకా దిగలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఈ ఒక్క మాట మాత్రం ఎలా నానిందో, ఎలా దాగిందో! మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆండర్సన్‌పేట. నాన్నకు బజారులో చిల్లర కొట్టు. బంగారు గనులు మూతపడ్డాయి గానీ మా పేటలో ఫుట్‌బాల్ మూతపడలేదు. ఆడపిల్లలకు కూడా ఒక క్లబ్బు ఉండేది. గడ్డి మొలవని మైదానం. గాలి వీస్తే, బంగారం తీసేశాక గనులవాళ్ళు పోసిన సైనైడ్ దిబ్బల తెల్లదుమ్ము నోట్లో పడేది. ఆ దుమ్ములోనే నాకు మంజుల దొరికింది.

మంజులది ముళబాగిలు పక్క బైరకూరు. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. చదువు కోసం మా వీధిలో మేనత్త ఇంట ఉండేది. ఆటలో కుడి పక్కన పరుగెత్తేది. తలెత్తి చూడకుండానే బంతి వేసేది, అది సరిగ్గా నా కాలి ముందుకు వచ్చేది. నేను అక్కడ ఉంటానని ఆమెకు ఎలా తెలిసేది? అడిగితే నవ్వి, "నువ్వు యాడికి పోతావప్పా, ఆడనే కదా ఉంటావు" అనేది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నన్ను ప్రేమగా చూసుకునేవాళ్ళకు కొదవలేదు. అయినా నేను యాడ ఉంటానో చూడకుండా చెప్పగలిగిన మనిషి మళ్ళీ దొరకలేదు.

ఆ ఏడు మా క్లబ్బుకు యూరప్ ఉత్తరాన ఒక దేశం నుంచి పిలుపు వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచీ పిల్లల క్లబ్బులు వచ్చి ఆడే పోటీలు. మా ఊళ్ళో పుట్టి బెంగళూరులో బాగుపడిన ఒకాయన సగం ఖర్చు పెట్టుకుంటానన్నాడు. మాకు ఆట నేర్పే మాస్టరు పోయేవాళ్ళ పేర్లు చదివాడు. మంజుల పేరు మొదట్లోనే వచ్చింది. నా పేరు రాలేదు. "ఎవరన్నా నిలిచిపోతే నువ్వేమ్మా" అన్నాడు. ఎందుకైనా మంచిదని పాస్‌పోర్టూ వీసా నాక్కూడా తీయించారు. చేతిలో పాస్‌పోర్టు ఉండి ప్రయాణం లేకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసా? విస్తరి వేసి వడ్డించడం మరిచిపోయినట్టు ఉంటుంది. మంజుల కోసం సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఆ సంతోషం అడుగున ఇంకేదో ఉంది. అప్పుడు దాని వంక చూడలేదు.

మంజుల తండ్రి ఒకే మాట అన్నాడు. "పట్టుగూళ్ళు మార్కెట్టుకి చేరినాక యాడికన్నా పో." వాళ్ళ వాటా ఖర్చు ఆ పంట మీదే రావాలి. పురుగులు నాలుగోసారి పొర విడిచి లేచాయి. దాన్ని అక్కడ నాలుగో జ్వరం అంటారు. అది లేచాక పురుగుకు రాత్రీ పగలూ ఆకలే. ఎంత ఆకు వేసినా చాలదు, ఎన్ని చేతులున్నా చాలవు. అందుకని క్లబ్బు పిల్లలం నలుగురం ఆకు కోయడానికి బైరకూరు పోయాం. పంట ముందుగా ముగిస్తే మంజుల ముందుగా ప్రాక్టీసుకు వస్తుందని.

నేను తోట చివర ఒక్కదాన్నే కోస్తున్నాను. గట్టుకు అవతల మంజుల చిన్నాయన రెడ్డెప్ప టమోటా తోట. ఆయన పురుగుమందు డబ్బా వీపున వేసుకుని గట్టు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయీ, ఈ గట్టు పక్క సాళ్ళు కొయ్యొద్దు. పొద్దున మందు కొట్టినాను, గాలి ఇట్లే తిరిగింది. ఆకు మీద పడుంటాది. ఇంట్లో చెప్పమ్మా, మర్చిపోవద్దు."

తల ఊపాను. ఆయన వెళ్ళిపోయాడు. కాసేపు లోపలి సాళ్ళలోనే కోశాను. ఆ తర్వాత నా కాళ్ళు గట్టు పక్కకు నడిచాయి.

కాళ్ళు నడిచాయట! చూడండి, ఇప్పుడు కూడా తప్పు కాళ్ళ మీదికి తోస్తున్నాను. నేను నడిచాను. మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఆయన గొంతు చెవిలో ఉండగానే కోశాను. ఈ పంట పోతే మంజుల రాదు, మంజుల రాకపోతే నేను పోతాను. ఆ తలపు ఊపిరి తీసి వదిలినంత సేపే ఉంది. కానీ నా చేతులు గంప నిండేదాకా పనిచేశాయి. అన్నీ చచ్చిపోతాయని అనుకున్నానా? లేదు. కాస్త జబ్బు చేస్తాయని, పంట నాలుగు రోజులు వెనకబడుతుందని అనుకున్నానేమో. అదైనా నిజమా, ఇప్పుడు నేను అల్లుకున్నదా? తేల్చుకోలేకపోతున్నాను. గంప నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను. మంజుల తల్లి ఎదురొచ్చి దించుకుని, "బంగారు తల్లివి" అంది.

మర్నాడు తెల్లారేసరికి పురుగులు తలలెత్తి మెలికలు తిరుగుతున్నాయి. నోటి నుంచి పచ్చటి నీళ్ళు. మధ్యాహ్నానికి తట్టల్లో కదలిక లేదు. మంజుల తల్లి గడప మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. మందు వాసన పట్టి మంజుల తండ్రి తమ్ముడి మీదికి పోయాడు. రెడ్డెప్ప ఆశ్చర్యంగా, "నేను చెప్పినానే, ఆ పిల్లతో చెప్పినానే" అంటూ నన్ను చూపించాడు.

అందరూ నావైపు తిరిగారు. మంజుల దగ్గరికి వచ్చింది.

"చిన్నాయన నీతో చెప్పినాడంటనే. నిజమేనా?"

"లేదు. ఆయన్ని నేను చూడనే లేదు."

మంజుల నా ముఖం చూడను కూడా చూడలేదు. బంతి వేసినట్టే, చూడకుండానే నమ్మింది. వెనక్కి తిరిగి, "వింటివా చిన్నాయనా? ఇది అబద్ధం చెప్పే పిల్ల కాదు" అంది.

రెడ్డెప్ప నన్నొకసారి చూసి గట్టు దాటి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే బోరు నీళ్ళు రెండు తోటలకూ పారేవి. మనుషులు మాత్రం ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాళ్ళు.

మాస్టరుకు రానని మంజులే చెప్పింది. పురుగుల ఇల్లు కడిగి, సున్నం కొట్టి, మళ్ళీ పురుగు తేవాలి, నాన్న ఒక్కడే చేయలేడు అంది. మేము బయల్దేరే రోజు మారికుప్పం స్టేషనుకు వచ్చి తన బూట్లు నా చేతిలో పెట్టింది.

"ఇవి ఏసుకో. నా కాళ్ళు పోయినట్టే ఇంగ. వచ్చేటప్పుడు కడగొద్దప్పా. ఆ మన్ను అట్లే తెచ్చియ్యి."

రైలు కదిలాక నాకు ఏడుపు వచ్చింది. బెంగ అనుకుని పిల్లలు ఓదార్చారు. తేలు కుట్టిన దొంగ ఏమని చెప్పుకుంటాడు?

ఆ దేశంలో రాత్రి భోజనాలయ్యాక కూడా ఎండ ఉండేది. మైదానాలన్నీ పచ్చగడ్డి. పడినా దెబ్బ తగలదు. మా పిల్లలు కావాలనే పడి దొర్లారు. నాకెంత ఆశగా ఉండేదో ఆ గడ్డి మీద పరుగెత్తాలని! పరుగెత్తాను. ప్రతిసారీ నా చోటికే పరుగెత్తి కుడి పక్కకు చూశాను. అక్కడ వేరే పిల్ల ఉండేది. మంచి ఆటగత్తె, పాపం. బంతి ఎప్పుడూ ఒక అడుగు వెనక పడేది. ఒక్క గోలు కూడా వేయలేకపోయాను. ఎవరి చోటు కోసం అంత పని చేశానో, ఆమె లేకపోతే ఆ చోటికి అర్థమే లేదని అక్కడ తెలిసింది.

మంజుల బూట్లు వేసుకోలేదు. మొదటి రోజు ఒక కాలు పెట్టి చూశాను. పెట్టి, తీసేశాను. నా పాతవాటితోనే ఆడాను.

తిరిగి వచ్చేటప్పుడు బెంగళూరు స్టేషన్ బయట ఆ మన్ను మాట గుర్తొచ్చింది. బూట్లు కొత్తగా తుడిచినట్టు ఉన్నాయి. అక్కడ ఒక పూలకుండీ కనిపించింది. ఆ తడిమట్టి తీసి బూట్ల అడుగున మేకుల మధ్య బాగా అదిమాను. మంజుల వాటిని రెండు చేతులతో అందుకుంది. ఎలా ఆడినావని కూడా అడగలేదు. ముందు మన్ను చూసుకుంది.

పోయినేడు రెడ్డెప్ప పోయాడు. ఆఖరిరోజుల్లో కూడా అన్న పలకరించలేదట. పెద్దకర్మ నాడు వెళ్ళాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాను. మంజుల ఇల్లరికపు మొగుడితో అదే ఇంట్లో ఉంది. అవే తట్టలు, అదే ఆకు వాసన. నన్ను చూసి చిన్నపిల్లలా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బీరువా మీంచి బూట్లు దించింది. తోలు ఎండి పగిలింది. రాలిన మట్టిని ఒక చిన్న గాజుసీసాలో పోసి పెట్టుకుంది.

"ఇంగా ఉండాది చూడు. అప్పుడప్పుడు మూత తీసి వాసన చూస్తాను. ఆడ ఆడినట్టే ఉంటాది."

మట్టిలో పుట్టి పెరిగిన మనిషి. ఎన్నడూ అనుమానం రాలేదా? వచ్చినా నా మీద పెట్టుకున్న నమ్మకం కోసం మింగేసిందా? ఆమె ముఖం చూసి తెలుసుకోవాలనుకున్నాను. సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. నోరు తెరిచాను. "అవును, అదే వాసన" అన్నాను.

రెడ్డెప్ప నాతో చెప్పాడు. స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను. విని, ఆ ఆకే కోశాను. మంజుల సీసాలో ఉన్నది పూలకుండీ మట్టి. ఈ మాటలు మొదటిసారి నా చేత్తో రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. చెప్పాల్సినది మంజులకు. చెప్పింది మీకు.