కోదాడలో లేవని కుడిచెయ్యి

ఆ రోజుల్లో నన్నెవరైనా ఒక మాట అంటే అన్నవాళ్ళు మరిచిపోయేవారు, విన్నవాళ్ళూ మరిచిపోయేవారు, నేను మాత్రం భద్రంగా మడిచి దాచుకునేవాణ్ణి. (ఇప్పటికీ ఒక్కటీ పారేయలేదు.) వాటిలో అన్నిటికన్నా పైనున్నది సూర్యాపేట బట్టల దుకాణం సేటు అన్న మాట. నాకు మిర్యాలగూడ రైసుమిల్లులో కొత్తగా ఉద్యోగం. కోదాడలో పెళ్ళిచూపులు కుదిరితే చొక్కా కోసం వెళ్ళాను. నీలంరంగుది ఒకటి చేతిలోంచి నీళ్ళలా జారిపోయింది.

"అది రేయాన్ తమ్మీ. చెట్ల గుజ్జును మందులల్ల కరగబెట్టి దారం తీస్తరు. పట్టు లెక్క మెరుస్తది, కాటన్ లెక్క చెమట పీలుస్తది. గని తడిస్తె బలముండదు, సుతారంగ ఉతకాలె. నువ్వు జర మొరటుగున్నవ్, వేరేది సూపిస్త."

మొరటా! కొంటే అదే కొంటానని కొన్నాను.

గంజి పెట్టని చొక్కా తొడుక్కోవడం మా ఇంటావంటా లేదు. వేడివేడి గంజిలో ముంచి, దుప్పటి పిండినట్టు మెలిపెట్టి పిండాను. ఆరాక చేతులు పొట్టివయ్యాయి, చంకలు బిగిశాయి. అయినా తొడిగాను. కోదాడలో బస్సు దిగగానే వాన. ఆ ఇంటి గుమ్మంలో పెద్దాయనకు చేతులెత్తి నమస్కారం పెట్టానో లేదో, కుడిచంకలో పర్రుమంది. లోపల బనియన్ కూడా లేదు.

ఇక ఆ చెయ్యి ఒంటికి అతికించుకుని కూర్చున్నాను. అమ్మాయి పళ్ళెం అందిస్తే ఎడమచేత్తో అందుకున్నాను. (ఆమె నవ్వు ఆపుకున్న తీరు నాకు చాలా నచ్చింది. బాధంతా అదే.)

"ఏమనుకోకండి బాబూ, ఆ చెయ్యి చిన్నప్పట్నుంచీ అంతేనా అండి?" అన్నాడు అమ్మాయి తండ్రి.

వెంట వచ్చిన మా మేనమామ కంగారుపడ్డాడు. "అయ్యో, గట్లేం లేదు! అల్లుడా, ఒక్కసారి లేపి సూపియ్యరాదు!"

"నేనేమన్న ఎడ్ల సంతకొచ్చిన్నా, లేపి సూపియ్యనీకె?"

"ఇంతకూ లేస్తదా, లేవదా?" అన్నాడు మామ.

"లేస్తది. గని లేపను."

చిరుగు బయటపడితే సేటు మాట నెగ్గుతుంది మరి! సంబంధం అక్కడితో ఖతం. బస్టాండులో నేను తల తుడుచుకుంటుంటే మామ నా చంక చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అంగి సినిగిందని ఒక్క ముక్క చెప్తె ఏం బోయేదిరా!" మర్నాడే దుకాణానికి వెళ్ళి సేటుతో పోట్లాడాను. ఆయన చిరుగు చూసి చాయ్ తెప్పించాడు. ఆ జాలి మరీ అవమానం.

ఇప్పుడు మా ఇంట్లో మా ఆవిడ చీరలు సగం రేయానే. చన్నీళ్ళలో జాడించి, పిండకుండా నీడలో ఆరేసేది నేనే. కాని బస్సు కోదాడలోకి రాగానే, సీటున్నా సరే లేచి నిలబడి, కుడిచేత్తో పై కడ్డీ పట్టుకుంటాను, ఆ ఇంటివాళ్ళెవరైనా రోడ్డు మీద కనబడతారేమోనని. ఈమధ్య భుజం పట్టేసి ఆ చెయ్యి నిజంగానే సరిగా లేవడం లేదు. మొన్న, "కూసోరాదు సార్, ఎందుకంత తిప్పలు?" అన్నాడు కండక్టరు. పళ్ళు బిగబట్టి, ఊరు దాటేదాకా దించలేదు.