క్యూ చివరి బోర్డు

జపాన్‌లోని తకమత్సు ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది చిజురు. వయసు ముప్ఫై నాలుగు. ఏడేళ్ళుగా సెలవులన్నీ ఒక పాత టీవీ కార్టూనుకే ధారపోసింది. జలాంతర్గామిలో వంటవాళ్ళ కథ అది. పదమూడు వారాలకే ఆపేశారు. అభిమానులు మాత్రం ఆగలేదు. ఏటా ఒకరోజు హాలు అద్దెకు తీసుకుని, ఆ కథని తామే పొడిగిస్తూ గీసిన బొమ్మల పుస్తకాలు అమ్ముకుంటారు. అక్కడ క్యూలు నడిపేది చిజురు. జీతం లేదు, భోజనం ఉంది, అదీ చల్లారిపోయి.

ఈ ఏడు ఆమెలో సత్తువ అడుగంటింది. మెయిల్ మోగితే ఫోను దిండు కిందికి తోసేస్తోంది. నిద్రలో "పరుగెత్తకండి" అని అరుస్తోందని వాళ్ళమ్మ గోల. ఒక్కదాని మీదే ఆశ మిగిలింది: ముగిమాకి అనే ఆవిడ గీసే పుస్తకాల వరుసలో, ఈసారి అమ్మకానికొచ్చే ఆఖరి భాగం. వంటవాళ్ళు ఒడ్డుకి చేరతారో లేదో అందులోనే తేలుతుంది. పనిచేసేవాళ్ళకి పుస్తకాలు పక్కన పెట్టకూడదని రూలు. ఆ రూలు రాసింది చిజురే.

ఆ రోజు హాల్లో పదకొండింటికి, ఏర్పాట్లన్నీ చూసే పెద్దాయన హిరుకావా ఆమె దగ్గరికి వచ్చాడు. ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. ఆమె చేతికున్న స్టాఫ్ పట్టీ ఊడదీశాడు.

"గంటసేపు నీకు పని లేదు. పోయి ఆ పుస్తకం కొనుక్కో."

"ఉత్తరం గుమ్మం దగ్గర జనం..."

"గుమ్మం ఎక్కడికీ పోదులే. ఎవర్నైనా సర్దావో, స్టోరు రూములో పెట్టి తాళం వేస్తా."

ముగిమాకి బల్ల ముందు ఇరవై మంది ఉన్నారు. ఆఖరున నిలబడ్డవాళ్ళు 'క్యూ చివర ఇదే' అన్న బోర్డు పట్టుకోవాలి, వెనక ఇంకొకరు రాగానే అందించాలి. బోర్డు చేతికి రాగానే చిజురు వెన్ను నిటారైంది. ఒక కుర్రాడొచ్చి చెయ్యి చాపాడు.

"పర్లేదు, నేను పట్టుకుంటా. మీరు ముందుకెళ్ళండి."

వెళ్ళాడు. ఆ వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళూ వెళ్ళారు. బోర్డు వెనక ఎవరూ నిలబడరు కాబట్టి, వచ్చినవాళ్ళంతా ఆమె ముందే చేరారు. చిజురు మాత్రం క్యూ ఎంత తిన్నగా ఉందో చూసుకుని మురిసిపోతోంది.

ఇంతలో నెత్తిన అట్టతో చేసిన పెద్ద గిన్నె పెట్టుకుని, వంటవాడి వేషంలో ఒకాయన వచ్చాడు.

"ఆ బోర్డు ఇటివ్వమ్మా."

"పర్లేదండీ, నేను..."

"నీకు పర్లేదు, నా మెడ విరుగుతోంది. నువ్వు క్యూలో ఉన్నావా, క్యూకి కాపలా ఉన్నావా?"

చిజురు చేతిలో బోర్డుని తిప్పి చూసుకుంది.

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇరవై నిమిషాలు."

"ఎంత ముందుకొచ్చావు?"

ఆమె లెక్కేసుకుంది. "వెనక్కే వచ్చానండీ."

ముందున్నవాళ్ళు పక్కున నవ్వారు. చిజురుకీ నవ్వొచ్చింది, ఎన్ని నెలలకో. బోర్డు ఇచ్చేసింది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకోవాల్సి వచ్చింది.

ఇద్దరు ముందుండగా పుస్తకాలు అయిపోయాయి. ఆఖరిది దక్కింది ఆ అక్కచెల్లెళ్ళకే.

"అక్కా, ఈ చోటు మీదే కదా. తీసుకోండి," అంది పెద్దది.

"వద్దు. రూలు రూలే."

"పోనీ కలిసి చదువుదాం. కలిసి చదవకూడదని రూలుందా?"

అలాంటి రూలు రాసిన గుర్తు చిజురుకి లేదు. అక్కడే నేల మీద కూలబడ్డారు, గిన్నె ఆయనతో సహా. నడిచే దారికి అడ్డంగా. పేజీ తిప్పినప్పుడల్లా నలుగురూ ఒక్కసారే ఊపిరి బిగబట్టారు. జనం వాళ్ళని దాటుకుంటూ పోతున్నారు.

"ఇక్కడ కూర్చోకూడదండీ, లేవండి," అంటూ వచ్చాడు హిరుకావా. చూస్తే చిజురు. "నువ్వే అడ్డం కూర్చున్నావా?"

"రెండు పేజీలే ఉన్నాయి, హిరుకావా గారూ. ఇంకా ఒడ్డు కనబడలేదు."

ఆయన అటూ ఇటూ చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగాడు.

"ఆ గిన్నె కాస్త పక్కకి జరపవయ్యా," అన్నాడు. "నాకు కనబడట్లేదు."